మూడో నంబరు పంపుకి పట్టిన శని

మా పంపు హౌసులో నాలుగు పంపులుండేవి. ఒకటి, రెండు, నాలుగు బాగానే తిరిగేవి. మూడో దానికి శని పట్టింది. ఈ మాట నాది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసున్న మా షిఫ్ట్ ఆపరేటర్‌ది. మేమంతా ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం.

ఆ మాట విని నేను నవ్వాను. అప్పటికే ఊళ్ళో హేతువాద సంఘం మీటింగులకి వెళ్తున్నాను, బాబాల గుట్టు విప్పే మేజిక్కులు రెండు మూడు నేర్చుకున్నాను. శని పట్టిన పంపు అంటే నవ్వకుండా ఎలా ఉంటాను? సంఘంలో కూడా చెప్పాను, అక్కడా అందరూ నవ్వారు. ఇప్పుడు రిటైరయ్యాక రాస్తున్నాను కాబట్టి నిజం ఒప్పుకోవచ్చు. ఆ నవ్వు ఖరీదు రెండు వేళ్ళు. నావి కావు.

1990ల చివర్లో సంగతి. నేనొక నీటి సరఫరా సంస్థలో మెకానికల్ మెయింటెనెన్స్ ఇంజనీరుని. నీటి సంస్థ అంటే జనానికి మీటరు, బిల్లు, ట్యాంకరు గుర్తొస్తాయి. పంపు హౌస్ ఎవరికీ గుర్తు రాదు, అది ఆగిపోయిన రోజు తప్ప. మా పంపు ఒక్కోటి గంటకి వెయ్యి ఘనపు మీటర్లు తోస్తుంది. ఘనపు మీటరు నీళ్ళు ఒక టన్ను. అంటే గంటకి వెయ్యి టన్నుల బరువు. దాన్ని 50 మీటర్లు ఎత్తాలంటే నష్టాలు కలుపుకుని సుమారు 170 కిలోవాట్ల శక్తి కావాలి. ఇంత శక్తి ఒక షాఫ్టు మీదుగా పోతుంటుంది. ఆ షాఫ్టు రెండు బేరింగుల మీద ఆనుకుని తిరుగుతుంది. ఆ బేరింగుల్ని బతికించడమే నా ఉద్యోగం అనుకోండి.

మూడో నంబరు పంపు పద్నాలుగు నెలల్లో నాలుగు సార్లు బేరింగు తినేసింది. మొదటిసారి నేను "బేరింగు చెడింది, మార్చడమైనది" అని రిజిస్టర్లో రాశాను. రెండోసారి "నాసిరకం సరుకు" అన్నాను. మూడోసారి స్టోర్సు వాళ్ళతో పోట్లాడాను. నాలుగోసారి మాత్రం ఏమీ అనలేదు, అలవాటైపోయింది.

ఇక్కడ చిన్న లెక్క. బేరింగుకి కంపెనీ చెప్పే ఆయుష్షు అంటే, ఆ రకం బేరింగులు వంద తిప్పితే తొంభై ఆ గంటలు దాటి బతుకుతాయని. పది ముందే పోవచ్చు. అంటే ఒక్క బేరింగు ముందే పోతే దాన్ని దురదృష్టం అనుకోవచ్చు, పదింట ఒక అవకాశం ఉంది. ఒకే చోట వరసగా నాలుగు పోతే? పదివేలలో ఒకటి. మావి చెప్పిన ఆయుష్షులో నాలుగో వంతు కూడా బతకలేదు కాబట్టి అవకాశం ఇంకా తక్కువ. ఈ లెక్క నాకు తెలుసు. తెలిసి కూడా "నాసిరకం సరుకు" అని రాశాను. పెద్దాయన శని అన్నాడు, నేను సరుకు అన్నాను. రెంటికీ తేడా ఏమిటో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఆయన చెప్పింది ఇదీ: "సారూ, మీరు నవ్వుతరు గానీ, గది శనివారం శనివారం మూల్గుతది. గులకరాళ్ళు మింగినట్టు గరగర అంటది. పొద్దున పది గొట్టంగ సురువైతది, మధ్యాహ్నందాక గంతే. ఆదివారానికి మల్ల మంచిగైతది."

దయచేసి ఈ మాటల్ని ఇంకోసారి చదవండి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాడు ఎవడైనా సరే ఇది వినగానే లేచి నిలబడాలి. నీళ్ళు మరగాలంటే వేడే అక్కర్లేదు. ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడిలో సుమారు ఇరవై నాలుగో వంతుకి పడిపోతే 30 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పంపు నోట్లో నీళ్ళు సరిగా అందకపోతే జరిగేది అదే. బుడగలు పుడతాయి, ఇంపెల్లర్లో ఒత్తిడి పెరిగే చోటికి రాగానే చిట్లిపోతాయి. ఆ చిట్లడం ఎంత బలంగా ఉంటుందంటే ఇనుము మీద గుంటలు పడతాయి. దాన్నే కేవిటేషన్ అంటాం. పంపులో గులకరాళ్ళు పోసినట్టు శబ్దం వస్తుందని పాఠ్యపుస్తకాల్లోనే ఉంటుంది. పెద్దాయన ఏ పుస్తకమూ చదవలేదు. అయినా పుస్తకంలో ఉన్న మాటే చెప్పాడు, రోజు చెప్పాడు, గంట కూడా చెప్పాడు. చివర్లో "శని" అన్నాడు. నాకు ఆ ఒక్క మాటే వినిపించింది.

శనివారం పొద్దున నేను పంపు హౌసులో ఎందుకు లేనో కూడా చెప్పాలి. ప్రతి శనివారం పదింటికి పెద్దాఫీసులో రివ్యూ మీటింగు. ఏడాదిన్నరలో ఒక్క శనివారం కూడా నేను ఆ శబ్దం వినే చోట లేను. వినకుండానే అది లేదని తేల్చేశాను!

ఇక లాగ్ బుక్కు. ఇది మా వృత్తిలో పవిత్ర గ్రంథం. గంట గంటకీ కరెంటు, ఒత్తిడి, బేరింగు వేడి, సంపులో నీటిమట్టం రాయాలి. మా లాగ్ బుక్కులో నీటిమట్టం ఎప్పుడూ 4.0 మీటర్లే. బేరింగు వేడి ఎప్పుడూ 55 డిగ్రీలే, మే నెలలోనూ, డిసెంబరులోనూ. షిఫ్టు మొదట్లోనే ఎనిమిది గంటలకీ రాసేసేవాళ్ళు. కింద నా సంతకం. అర్థం తెలియకుండా మంత్రం చదివే పూజారిని మనం వెక్కిరిస్తాం గదా, నేను రోజూ చేసిందేమిటి?

ఇది మా ఒక్క పంపు హౌసు జబ్బు కాదు. 2000 మే నెలలో కెనడాలో వాకర్టన్ అనే చిన్న ఊళ్ళో నీళ్ళు తాగి ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బు పడ్డారు. ఊరి జనాభా అయిదు వేలే. భారీ వానకి పశువుల పేడలోని బ్యాక్టీరియా బావిలోకి చేరింది. క్లోరిన్ సరిగా వేసి, రోజూ కొలిచి ఉంటే అంతదాకా వచ్చేది కాదు. కొలవలేదు. కొలిచినట్టు 0.5, 0.75 అని రిజిస్టర్లో రాసుకుంటూ పోయారని విచారణలో బయటపడింది. వాళ్ళు దుర్మార్గులు కారు. తమ బావి నీళ్ళు మంచివని నమ్మారు, క్లోరిన్ వెయ్యని నీళ్ళు తామూ తాగారు. అదే నమ్మకం అంటే. గుడి అక్కర్లేదు, విగ్రహం అక్కర్లేదు.

సరే, మా సంగతి. 1999 జనవరిలో ఒక గురువారం రాత్రి మూడో పంపు అయిదోసారి బేరింగు తినేసింది. ఆ రోజు నాలుగోది ఓవర్‌హాలింగ్‌లో ఉంది. తెల్లవారి అయిదింటికి కాలనీలకి నీళ్ళు వదలాలి. పైనుంచి ఫోన్లు. రాత్రి రెండింటికి కొత్త బేరింగు ఎక్కించి కప్లింగు కలుపుతున్నాం. కప్లింగు రెండు ముక్కల్లో బోల్టు రంధ్రాలు ఎదురెదురుగా రావాలి. వచ్చాయో లేదో చూడ్డానికి హెల్పరు కుర్రాడు రంధ్రంలో వేలు పెట్టాడు. అవతల ఫిట్టరు అది చూడకుండా రాడ్డుతో షాఫ్టు తిప్పాడు. చూపుడు వేలు, మధ్య వేలు మొదటి కణుపు దాకా పోయాయి. కుర్రాడికి ఇరవై రెండేళ్ళు. కాంట్రాక్టరు మనిషి.

మర్నాడు నివేదిక అడిగారు. నేను రాసిచ్చాను: "హెల్పరు అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగినది." ఒక్క వాక్యం. అందరికీ నచ్చింది. కాంట్రాక్టరుకి మరీ నచ్చింది.

అదే రోజు స్టాఫంతా కలిసి చందా వేసుకున్నారు. శాంతి చేయిద్దామని మా పై అధికారే అన్నారు. గుమ్మడికాయ కొట్టారు, మూడో పంపు కప్లింగు గార్డుకి నిమ్మకాయలు కట్టారు. నిమ్మకాయలు చదువురాని వాళ్ళ పని అనుకునేవాళ్ళకి గుర్తు చేస్తాను. 2019 దసరా నాడు ఫ్రాన్సులో మన మొదటి రఫేల్ విమానం చక్రాల కింద కూడా నిమ్మకాయలు పెట్టారు. పెద్దాయన వేరే మొక్కుకున్నాడు. శని పీడ పోతే ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయిస్తానని.

ఆయుధపూజ గురించి మన మిత్రులు నన్నెప్పుడూ అడుగుతుంటారు, నీ చేతిలో అధికారం ఉండగా ఎందుకు ఆపలేదని. ఆపలేదు. ఆపాలనిపించలేదు కూడా. ఏడాదిలో పంపుల్ని తుడిచి, తుప్పు గీకి, వదులైన నట్లు బిగించేది ఆ ఒక్క రోజే. మెషీను తుడిచేవాడి చేతికి పగులు తగులుతుంది, నూనె కారడం తగులుతుంది. కొబ్బరి నీళ్ళు మోటారు టెర్మినల్ పెట్టె మీద పడకుండా చూసుకుంటే చాలు. నాకు బాధల్లా మిగతా 364 రోజుల గురించే.

ఆ శనివారం నేను మీటింగు ఎగ్గొట్టి ఆస్పత్రికి వెళ్ళాను. కుర్రాడి తల్లి నన్ను ఒక్క మాట అనలేదు, "సారొచ్చిండు, కుర్చీ వెయ్యి" అంది. అక్కడ ఎక్కువసేపు కూర్చోలేకపోయాను. తిన్నగా పంపు హౌసుకి వచ్చాను. పదిన్నర. గేటు దగ్గరే వినిపించింది, గులకరాళ్ళ చప్పుడు.

తర్వాత రెండు గంటలు పెద్దాయనా నేనూ తిరిగాం. లాగ్ బుక్కు పక్కన పెట్టి సంపు మూత తీసి టేపు దించాం. మట్టం ఒకటిన్నర మీటరు. నాలుగు మీటర్లని రాసి ఉంది. ఎందుకు పడిపోయింది? ఫోన్ చేస్తే తెలిసింది. ఎగువ స్టేషన్లో ప్రతి శనివారం పొద్దున తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా మెయింటెనెన్స్ షట్‌డౌన్. ఏడాదిన్నర కిందట మొదలుపెట్టారట. మాకు కాగితం రాలేదు, వచ్చినా ఎవరూ చదవలేదు. మేం మాత్రం సంపులోంచి రోజూలాగే తోడుతున్నాం. సంపు దిగిపోతోంది. అదీ శని.

మరి మూడో పంపే ఎందుకు? దానికి ఇంకో వారం పట్టింది. సక్షను పైపు పెద్దది, పంపు మూతి చిన్నది. రెండూ కలపడానికి మధ్యలో రెడ్యూసర్ వేస్తారు. మేం వాడే రకానికి ఒక పక్క చదునుగా, ఒక పక్క ఏటవాలుగా ఉంటుంది. కింద సంపులోంచి నీళ్ళు లాగే చోట చదును పక్క పైకి ఉండాలి. లేకపోతే పై భాగంలో గాలి నిలవడానికి గూడు లాంటిది ఏర్పడుతుంది. మిగతా మూడింటికీ సరిగ్గానే ఉంది. మూడోదానికి తిరగేసి బిగించారు. బోల్టు రంధ్రాలు రెండు విధాలుగానూ కలుస్తాయి మరి, ఇనుముకి పైనా కిందా తెలియదు. సంపు నిండుగా ఉన్నప్పుడు పంపు ఎలాగో నెట్టుకొచ్చేది. మట్టం పడిన నాలుగు గంటలూ గూట్లో చేరిన గాలి ముద్దలు ముద్దలుగా లోపలికి పోయేది. పంపు కొట్టుకునేది. ఆ దెబ్బలు షాఫ్టు మీదుగా బేరింగుకి. భారం రెట్టింపైతే బాల్ బేరింగు ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది.

పంపు కట్టిన రోజు నుంచీ రెడ్యూసర్ తిరగబడే ఉంది. నేను దాని పక్కనుంచి రోజుకి రెండు సార్లు నడిచేవాణ్ణి.

రెడ్యూసర్ తిప్పి బిగించడానికి ఒక రోజు, కొత్త గాస్కెట్లు రెండు. శనివారాలు మట్టం రెండున్నర మీటర్లకి దిగితే ఒక పంపు ఆపెయ్యమని ఎర్రరంగుతో గోడ మీద రాయించాను. నేను బదిలీ అయ్యేదాకా మూడో పంపు మళ్ళీ బేరింగు అడగలేదు. అదే వారంలో పెద్దాయన ఆకుపూజ కూడా చేయించాడు. "చూసిన్రా సారూ, పోయింది" అన్నాడు. ఆయన వైపు నుంచి చూస్తే సాక్ష్యం బాగానే ఉంది. రెండు పనులూ ఒకేసారి జరిగాయి, ఫలితం ఒకటి. అందుకని ఆయన్ని తీసుకుని, అదే కాంట్రాక్టరు కట్టిన ఇంకో స్టేషనుకి వెళ్ళాను. అక్కడ రెండు పంపులకి రెడ్యూసర్ తిరగబడి ఉంది, ఆ రెండూ బేరింగులు తింటున్నాయి. వాళ్ళు వాస్తు అంటున్నారు, ఈశాన్యం మూల ట్రాన్స్‌ఫార్మర్ ఉందని. పూజలేమీ చేయించకుండా రెడ్యూసర్లు మాత్రమే తిప్పాం. అవీ బాగుపడ్డాయి. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వాళ్ళకి శని లేదేమో సారూ, మనకే ఉండె" అన్నాడు. ఈసారి నేను నవ్వలేదు.

మన ఉద్యమంలో జాన్ స్నో గురించి అందరం చెప్పుకుంటాం. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా చావులు లెక్కపెట్టి, చేతి పంపు హ్యాండిల్ తీయించిన డాక్టరు. ఆయన పక్కన ఇంకో మనిషి ఉన్నాడు, అతన్ని మనం చెప్పుకోం. హెన్రీ వైట్‌హెడ్, ఆ పేటలోని చర్చి ఫాదిరీ. స్నో చెప్పింది తప్పని నిరూపించడానికే ఇల్లిల్లూ తిరిగాడు. జనం అతనికి తెలిసినవాళ్ళు, తలుపులు తీశారు. తిరిగి తిరిగి చివరికి స్నో చెప్పిందే నిజమని తేల్చాడు. 40వ నంబరు ఇంట్లో చనిపోయిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళు, బావికి కొన్ని అడుగుల దూరంలో ఉన్న గుంటలోకి పోయాయని కనిపెట్టింది అతనే. దేవుణ్ణి నమ్మే మనిషి. కళ్ళతో చూసింది మాత్రం దాచలేదు.

అలాగని నమ్మకానికి దండం పెట్టమని నేను అనడం లేదు. 2017లో బ్రిటన్‌లో ఒక జీవశాస్త్రవేత్త అడిగితే, 12 నీటి కంపెనీల్లో 10, తమ సిబ్బంది పైపులూ లీకులూ వెతకడానికి వంచిన తీగలు పట్టుకుని తిరుగుతారని ఒప్పుకున్నాయి. మన ఊళ్ళల్లో అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి బోరు పాయింటు చూసేవాడి అన్నదమ్ములే వాళ్ళు. భూమి మీద శబ్దం వినే పరికరాలు వాళ్ళ వ్యానుల్లోనే ఉన్నాయి. తీగ కదలడం ఒక సమాచారమే కాదు, పట్టుకున్నవాడి చెయ్యి కదిలితే తీగ కదులుతుంది. పెద్దాయన చెప్పింది అలాంటిది కాదు. అది ప్రతి శనివారం పదింటికి ఎవరైనా వెళ్ళి విని పరీక్షించగల మాట. తప్పయితే ఒక్క పూటలో తప్పని తేలిపోయేది. ఈ రెంటికీ తేడా తెలియకపోతే మనం హేతువాదులం ఎలా అవుతాం?

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది "అజాగ్రత్త" అనే మాట. శని అంటే అక్కడితో ప్రశ్న ఆగిపోతుంది. అజాగ్రత్త అన్నా అక్కడితోనే ఆగిపోతుంది. పైగా శని ఎవరి జీతమూ కోయదు. రాత్రి రెండింటికి ఎందుకు పని చేయాల్సొచ్చింది, రంధ్రం చూడ్డానికి టార్చి ఎందుకు లేదు, తిప్పేవాడికీ వేలు పెట్టేవాడికీ మధ్య ఒక కేక వేసే పద్ధతి ఎందుకు లేదు, అయిదోసారి బేరింగు ఎందుకు పోయింది, వీటిలో ఒక్కటీ ఆ మాటలో లేదు. చదువుకున్నవాళ్ళకి కూడా ఒక శనిదేవుడు కావాలి, "మానవ తప్పిదం" అని పేరు పెట్టుకున్నాం.

నెల తర్వాత నేను రెండో నివేదిక రాశాను. మొదటి దానిలో రాసింది తప్పని, రెడ్యూసర్ సంగతీ సంపు సంగతీ వివరంగా రాసి సంతకం పెట్టాను. నాకు ఛార్జి మెమో వచ్చింది, ఆరు నెలల తర్వాత బదిలీ వచ్చింది. కుర్రాడి పరిహారం కేసులో కాంట్రాక్టరు నా మొదటి నివేదికనే పట్టుకొచ్చాడు. నిజానికి అప్పటి 1923 నాటి చట్టం ప్రకారం మామూలు అజాగ్రత్త పరిహారం ఎగ్గొట్టడానికి కారణం కాదు. తాగి ఉండడం, కావాలని భద్రతా నియమం మీరడం లాంటివి ఉండాలి. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాల్సిందేనని కూడా ఆ చట్టంలో ఉంది. అయినా రెండున్నరేళ్ళు నడిచింది.

చివరి వాయిదాకి నేనూ పెద్దాయనా సాక్షులం. అప్పటికి ఆయన రిటైరయ్యాడు, తెల్ల పంచె కట్టుకుని నుదుట సింధూరంతో వచ్చాడు. ఆయన దేవుడి మీద ప్రమాణం చేశాడు. నేను దేవుడి పేరు లేకుండా చేశాను. పంపులో శబ్దం ఎప్పటి నుంచి వస్తోందని అధికారి అడిగారు.

"ఏడాదిన్నర నుంచి సార్. ఈ సారుకి చెప్పిన."

"చెప్తే ఏమన్నారు?"

పెద్దాయన నా వైపు చూశాడు. చెప్పమన్నట్టు తలూపాను.

"నవ్విండు సార్."

అధికారి అది కూడా రాసుకున్నారు.